తలకిందుల తేనెటీగ

మొగ్గ ఆ రోజు కూడా విచ్చుకోలేదు.

కల్లిరోయి రాళ్ళ మధ్య మోకాళ్ళ మీద వంగి, భూతద్దం కంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. జానెడు కాడ, దాని మీద మూడు మొగ్గలు. అడుగు మొగ్గ బాగా ఉబ్బింది. ఆకుపచ్చ రేకుల మధ్య వెంట్రుకంత సందు, ఆ సందులో ముదురు గోధుమరంగు ఏదో తెలిసీ తెలియకుండా ఉంది. గోటితో కాస్త విడదీస్తే సంగతి తేలిపోతుంది. గోరు అక్కడిదాకా వెళ్ళింది కూడా. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకుంది, ఎవరో చూసినట్టు.

చూడనే చూశారు.

"ఏం టీచరమ్మా, పురుడొచ్చిందా లేదా?" పై గట్టు మీంచి గరిఫాల్యా కేక వేసింది.

డెబ్బై దాటిన మనిషి. మొగుడు పోయినప్పటి నుంచీ నల్లబట్టలే. ఆ వాలు మీద మేకలు మేపుకోవటం ఆమెకి పుట్టింటి నుంచి వచ్చిన హక్కు. ఈ మధ్య మాత్రం ఏ మేకైనా ఆ కాడ వైపు మూతి తిప్పితే చాలు, రాయి విసురుతోంది. గురి తప్పదు.

"ఇంకా లేదు పెద్దమ్మా. రేపేమో."

"నిన్నా రేపే అన్నావు. నేను ఆరుగుర్ని కన్నాను తల్లీ, ఒక్కడూ ఇంత సతాయించలేదు."

కల్లిరోయి నవ్వలేకపోయింది. దక్షిణపు గాలి మొదలైంది. సముద్రం అవతలి ఎడారి దుమ్మునంతా ఎత్తుకొచ్చే గాలి అది. ఆకాశం తోమని రాగి గిన్నెలా ఉంది. ఈ గాలి గట్టిగా వీచిందంటే విచ్చుకోవాల్సిన మొగ్గ విచ్చుకోకుండానే కాడ మీద మాడిపోతుంది. వల బుట్టని మొగ్గల మీద బోర్లించి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, ఒక రాయి తీసి ఇంకో రాయి పెట్టింది.

అసలు ఇదంతా ఆమె నోటి దూకుడు వల్లే వచ్చింది. స్కినోపెత్ర ఊరికి పైనున్న ఆ తెల్లరాళ్ళ వాలుని రాతి క్వారీకి ఇస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఊరు ఊరంతా కుతకుతలాడుతోంది. తవ్వితే ఊటబావి ఎండుతుంది, ఆలివ్ తోటల మీద సున్నపు దుమ్ము పడుతుంది. అర్జీలు పెట్టారు, రోడ్డుకి అడ్డం కూర్చున్నారు, ఏమీ కాలేదు. అప్పుడొకనాడు, కింద ఊళ్ళో హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెప్పే కల్లిరోయి వాలు మీద తిరిగొచ్చి, మొగుడి కాఫీ హోటల్లో అందరి ముందూ అనేసింది: "పైన ఒక ఆర్కిడ్ మొగ్గ తొడిగింది. ఈ కాలంలో రావాల్సింది కాదు. నేననుకుంటున్నదే అయితే, ఈ దీవి మొత్తం మీద ఒకే ఒక్క లోయలో ఉందది."

అంతే. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఊరికి. జిల్లా ఆఫీసు వాళ్ళు కూడా మాట ఇచ్చారు. ఆ మొక్క నిజంగా అక్కడ ఉంటే తవ్వకం ఉండదు, ఈస్టర్ వారంలోపు తేల్చి చెప్పండి అన్నారు. పువ్వుకున్న లాటిన్ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. 'దొరసాని' అని పేరు పెట్టేశారు. పొద్దున్నే కాఫీకి వచ్చినవాడు కుర్చీ లాక్కోకముందే అడిగేవాడు, "దొరసాని లేచిందా?"

చిక్కేమిటంటే దొరసానికి అచ్చంగా తనలాంటి పేద చుట్టం ఒకటి ఉంది. అది ప్రతి ఆలివ్ చెట్టు కిందా, ప్రతి శ్మశానం గోడవారా పూస్తుంది. పిల్లలు తెంపి చెవిలో పెట్టుకుంటారు. రెండూ తేనెటీగ వేషం వేసుకున్న పూలే. గోధుమరంగు కిందిరేకు, దాని మీద నూగు, మధ్యలో రెక్కల్లాంటి నీలపు మెరుపు. ఆకులు చూసి, మొగ్గలు చూసి ఏది ఏదో చెప్పటం ఎవరి తరమూ కాదు. విచ్చుకున్నాక దొరసాని రేకుకి సన్నటి పసుపు అంచు ఉంటుందని, చుట్టానికి ఉండదని పుస్తకాల్లో ఉంది. కల్లిరోయి ఆ అంచు కోసం ఎదురుచూస్తోంది. ఆమెతోపాటు ఊరంతా.

ఎదురుచూడటం ఆమెకి చేతకాని పని. పుట్టుకతోనే కాలు నిలవదు. పాఠం చెబుతూ బెంచీల మధ్య తిరుగుతుంది, అన్నం తింటూ లేచి కిటికీ మూస్తుంది. ఆ రోజుల్లో అది మరీ ముదిరింది. పొయ్యి మీద పాలు పొంగించేసింది. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో తినే నత్తలు వేయించమని మొగుడు జహరియాస్ తెచ్చిస్తే ఉప్పుకి బదులు పంచదార చల్లింది.

"ఇవి ఉపవాసం వంటలా, పెళ్ళి వంటలా?" అన్నాడు జహరియాస్. లావుపాటి మనిషి, నిదానస్తుడు. ఇరవై ఏళ్ళుగా ఆమె తిరుగుతుంటే తను కూర్చునే సంసారం నెట్టుకొచ్చాడు. "కల్లిరోయీ, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆ పసుపు అంచు... లేకపోతే?"

"లేకపోతే లేదని చెప్తాను."

"అంటే, కొంచెం ఉన్నట్టుంటే? ఎండ పడ్డప్పుడు ఏ రేకు అంచైనా కాస్త పచ్చగానే కనపడుతుందిగా. ఆ ఆఫీసులో వాళ్ళు కొండెక్కి వచ్చి చూస్తారా ఏంటి?"

"నువ్వు కాఫీ పొడిలో వేయించిన బార్లీ కలుపుతావా?"

"ఊరు మునిగిపోతుందంటే కలుపుతాను," అన్నాడు జహరియాస్. నవ్వలేదు.

ఆ మాట ముల్లులా దిగబడింది. అతను అన్నందుకు కాదు. అప్పటికే తను కూడా ఆ లెక్క వేసి చూసుకున్నందుకు. ఏ వైపు నుంచి వెలుగు పడితే అంచు పచ్చగా కనిపిస్తుందో, ఫోటో ఎటు నుంచి తీయాలో నిన్న మధ్యాహ్నం కొండ దిగుతూ ఆలోచించింది. ఆలోచిస్తున్నానని తెలిసేసరికి సగం దారి వచ్చేసింది.

మట్టల ఆదివారం ముందురోజు పొద్దున అడుగు మొగ్గ విచ్చుకుంది.

కల్లిరోయి ఒక్కతే ఉంది. బుట్ట తీసి, భూతద్దం పెట్టింది. కిందిరేకు బొద్దుగా, నూగుతో, నిజంగా ఒక ఈగ రెక్కలు ముడుచుకుని కూర్చున్నట్టే ఉంది. నీలపు మెరుపు ఉంది. అంచు గోధుమరంగే. పసుపు లేదు. ఎటు తిప్పినా లేదు. ఎండకి ఎదురుగా పట్టి చూసింది, నీడలో చూసింది. జహరియాస్ చెప్పినట్టు ఒక పక్క నుంచి చూస్తే కొంచెం పచ్చగా అనిపించింది. ఫోను తీసి, ఆ పక్క నుంచి గురిపెట్టి, నొక్కబోయి, జేబులో పడేసింది.

ఇంక ఒక్క క్షణం కూడా అక్కడ ఉండకూడదనుకుంది. ఉంటే అబద్ధం ఆడేస్తుంది. కొండ దిగి, చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, అది మామూలు జాతేనని జిల్లా ఆఫీసుకి రాసి పంపేసింది. ఆ తర్వాత కాఫీ హోటల్లోకి నడిచి అందరి ముందూ చెప్పింది.

బల్ల మీద పేకముక్కలు అలాగే ఉండిపోయాయి. చివరికి మూలనుంచి ఒక గొంతు, "ఆ పుస్తకాలు ఎవరు అచ్చేశారు టీచరమ్మా, క్వారీ వాళ్ళా?" అంది. ఎవడో నవ్వాడు, తక్కినవాళ్ళు నవ్వలేదు. అది ఇంకా అధ్వానం. జహరియాస్ కప్పులు కడుగుతూ తల ఎత్తలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ గరిఫాల్యా అడిగింది, "అయితే నా మేకల్ని వదిలెయ్యనా?"

"వదిలెయ్ పెద్దమ్మా," అంది కల్లిరోయి.

నిజం చెప్పినదానికి మనసు కుదుటపడాలి. పడలేదు. ఆదివారం ఆకులు పట్టుకుని చర్చిలో నిలబడ్డా కాళ్ళు ఇటూ అటూ మారుస్తూనే ఉంది. సోమవారం నుంచి బడికి సెలవులు. ఏ పనీ లేకపోవటం మరీ కష్టమైంది. ఇల్లు ఊడ్చి, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చి, పెరటి వెనక ఆలివ్ తోటలోకి వెళ్ళి నిలబడింది. చెట్ల కింద మామూలు ఆర్కిడ్లు ఎప్పుడో పూసి, వాడి, గింజకాయలు కట్టాయి. కాయలు కూడా ముదిరి గోధుమరంగుకి తిరుగుతున్నాయి.

అక్కడే ఆగిపోయింది. ఇవి ముగిసిపోయి ఇంత కాలమైంది. వాలు మీదది ఇప్పుడు పూసిందేమిటి? ఊరు కొండ మీదే ఉంది, వాలు దానికి కొంచెం పైనే. మరీ అంత తేడా ఉండకూడదు. మొదటిరోజు తనకి అనుమానం వచ్చింది దీన్ని చూసే కదా! పసుపు అంచు గొడవలో పడి ఆ సంగతే మర్చిపోయింది. అబద్ధం చెబుతానేమోనన్న భయంతో నిజాన్ని తొందరపెట్టింది.

మంగళవారం పొద్దున్నే కొండెక్కింది. గాలి ఇంకా వీస్తూనే ఉంది కానీ పొద్దున పూట కొంచెం తగ్గుతుంది. మేకలు ఇంకా అటు రాలేదు. రెండో మొగ్గ కూడా విచ్చుకుంది. మూడోది ఉబ్బుతోంది. బుట్ట లేదు, శనివారం తనే తీసేసింది. ఎండ రాళ్ళని వేడెక్కించాక ఒక తేనెటీగ వచ్చింది. ముదురు రంగు, గుండ్రటి మగ ఈగ. నేలబారుగా ఎగురుతూ, ఆగుతూ, మళ్ళీ వెతుకుతూ. ఆ పువ్వులో తేనె లేదు. అది ఆడ ఈగ వాసన వేసి మగవాణ్ణి మోసం చేసే పువ్వు. మోసపోయి వాలినవాడి ఒంటికి పుప్పొడి అంటించి ఇంకో పువ్వు దగ్గరికి పంపుతుంది.

ఈగ పువ్వు మీద వాలింది. వాలి, ఒక్క క్షణం తడబడి, గిర్రున వెనక్కి తిరిగింది. తల కిందికి, తోక పైకి.

కల్లిరోయి మోకాళ్ళ మీదే ఇంకో జానెడు ముందుకి జరిగింది.

ఇరవైయేళ్ళ కుర్రతనంలో యూనివర్సిటీలో తన గురువు థియోహారిస్ బల్ల మీద గుద్ది మరీ చెప్పిన మాట అది. మామూలు జాతిలో రేకు మీది నూగు కిందికి పడుకుని ఉంటుంది, ఈగ తల పైకి పెట్టి కూర్చుంటుంది, పుప్పొడి నుదుటికి అంటుకుంటుంది. అరుదైనదానిలో నూగు ఎదురు తిరిగి ఉంటుంది, అది మామూలు భూతద్దానికి అందదు. ఆ నూగుని కాళ్ళతో తడిమి ఈగ తనూ తిరుగుతుంది, పుప్పొడి తోకకి అంటుకుంటుంది. ఈగ లేచి వెళ్ళింది. దాని తోక చివర రెండు పసుపు చుక్కలు, చిన్న కొమ్ముల్లా. ఫోను తీసేసరికి ఈగ లేదు. ఫోటోలో రాళ్ళు పడ్డాయి, తన నీడ పడింది.

జిల్లా ఆఫీసుకి ఫోను చేసింది. అవతలి ఆడగొంతు ఓపిగ్గానే విన్నది. "అమ్మా, మొన్న కాదని మీరే రాశారు. ఇవాళ ఔనంటున్నారు. మీ ఊరివాళ్ళు మిమ్మల్ని ఏమన్నా ఇబ్బంది పెడుతున్నారా?"

"లేదు, నేనే... ఈగ తలకిందులుగా వాలింది."

"ఈగ," అంది ఆ గొంతు. "పండగ తర్వాత మాట్లాడదామండీ," అంది.

ఇరాక్లియో పట్నంలో ఉన్న థియోహారిస్‌కి చేసింది. రిటైరై చాలా కాలమైంది, చెవి సరిగా వినపడదు. రెండుసార్లు చెప్పించుకుని, "తోకేనా? సరిగా చూశావా?" అని అరిచాడు. "నువ్వు చెబితే చాలదు, నేను చూడాలి. శుక్రవారం దాకా బస్సు లేదు. అప్పటికి మూడో మొగ్గ విచ్చుకోవాలి."

ఇంటికొచ్చి జహరియాస్‌కి ఒక్కడికే చెప్పింది. అతను చేతిలో గుడ్డ కింద పెట్టి ఆమె వంకే చూశాడు.

"అందరికీ చెప్పనా?"

"వద్దు. ఒకసారి ఔనని ఆశపెట్టాను, ఒకసారి కాదని చంపాను. మూడోసారి నా నోటితో చెప్పను. మేష్టారు చూసి చెప్పనీ. పొద్దున్నే వెళ్ళి బుట్ట పెట్టొస్తాను, సాయంత్రం తీస్తాను. మేకలకి చాలు."

మేకలకి చాలింది.

గుడ్ ఫ్రైడే పొద్దున ఊళ్ళో చావుగంట మోగుతూనే ఉంది. క్రీస్తు చనిపోయిన రోజు. ఆడవాళ్ళు చర్చిలో క్రీస్తు బొమ్మని ఉంచే పూలపాడె అలంకరిస్తున్నారు. థియోహారిస్‌ని బస్సు దగ్గర దింపుకుని, అతని చెయ్యి పట్టుకుని, గాలికి ఎదురీదుతూ కల్లిరోయి వాలు ఎక్కించింది. ముసలాయన టోపీని రుమాలుతో గడ్డం కిందికి కట్టుకున్నాడు. ప్రతి పదడుగులకీ ఆగుతున్నాడు. ఆమె ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళి.

బుట్ట పక్కకి దొర్లి ఉంది. ఆకులున్నాయి. కాడ లేదు. కాడ ఉన్నచోట తెంపిన మొదలు, ఇంకా తడిగా.

"మేకా?" అన్నాడు థియోహారిస్.

"మేక కాదు. మేక ఆకులు వదలదు." కల్లిరోయి గంట మోగుతున్న వైపు చూసింది. ఆ రోజు పొద్దున కొండ మీద పూలు కోసేది ఎవరో ఆమెకి తెలుసు. ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు.

చర్చిలో పాడె నడిమధ్యన ఉంది. నిమ్మపూలు, గులాబీలు, కొండ మీది ఊదారంగు పూలు ఒత్తుగా కప్పేశాయి. క్రీస్తు పాదాల దగ్గర, నిమ్మపూల నడుమ, ఆ కాడ. మూడు పూలూ విచ్చుకునే ఉన్నాయి.

గరిఫాల్యా దారం కొరుకుతోంది. సంగతి విని ముఖం ఎర్రబడింది. "మామూలుదేనన్నావుగా! ఊరందరి ముందూ అన్నావు. మామూలు పువ్వుకి ఇంతకన్నా మంచి చోటేముంది?"

"తప్పు చెప్పాను పెద్దమ్మా."

"తప్పని ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"మంగళవారం తెలిస్తే శుక్రవారం దాకా నోట్లో ఏం పెట్టుకున్నావు, నత్తలా? ఆ బుట్ట చూసి, మర్చిపోయి వదిలేసింది పాపం అనుకుని నేనే తీశాను. ఒక్క మాట చెబితే నా పీక కోసినా తెంపేదాన్నా?"

కల్లిరోయికి కన్నీళ్ళు రాలేదు, వచ్చుంటే బాగుండేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాడె అంచు పట్టుకుని వదిలేసింది.

అప్పటిదాకా వంగి పువ్వుని చూస్తున్న థియోహారిస్ తల ఎత్తాడు. "తెంపితే ఏం? వాసన పోలేదు. కోసిన కాడని నీళ్ళలో పెట్టి ఈగలు తిరిగే చోట ఉంచుతాం, నా చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే. దీన్ని పైకి తీసుకెళ్దాం."

చర్చిలో ఆడవాళ్ళంతా పూలు గుచ్చటం ఆపేశారు.

"పాడె మీది పువ్వు తీసుకెళ్తారా?" అంది గరిఫాల్యా. "చచ్చిపోయినవాడి మీంచి?"

అందరూ ఫాదర్ టీటోస్ వైపు చూశారు. ఆయన చిన్నవాడు, ఊరికి కొత్త. గడ్డం నిమురుకున్నాడు. "నేను పెట్టింది కాదు కదా, నేనెలా తీసుకోమంటాను? అది గరిఫాల్యాకీ ఆ పాడె మీది ఆయనకీ మధ్య సంగతి."

గరిఫాల్యా చేతిలో దారం పక్కన పెట్టింది. గంట మోగింది, ఆగింది, మోగింది. తర్వాత ఆమె పాడె దగ్గరకెళ్ళి, శిలువ గుర్తు వేసుకుని, క్రీస్తు బొమ్మ చెవి దాకా వంగింది. గుసగుసే అయినా అందరికీ వినపడింది. "ఇదిగో, అరువు తీసుకెళ్తున్నాం. నువ్వూ ఈ కొండ గాలే పీలుస్తున్నావు, నీకూ తెలుసు. సాయంత్రం ప్రార్థన గంటకి తెచ్చి పెడతాం. తేకపోతే నన్నడక్కు, ఈ టీచరమ్మ ఉంది, ఆమెనడుగు."

కాడని తనే తీసింది. కల్లిరోయి చెయ్యి చాస్తే ఇవ్వలేదు. "నా చేత్తో ఇచ్చాను. నా చేత్తోనే తీసుకొస్తాను." నల్ల శాలువా చాటున పెట్టుకుని తనే ముందు నడిచింది.

వాలు మీద చిన్న గ్లాసులో నీళ్ళు పోసి, కాడ నిలబెట్టి, రాళ్ళ మధ్య ఇరికించారు. ముగ్గురూ పక్కన కూర్చున్నారు. గాలి. దుమ్ము కళ్ళలో పడుతోంది, పూలు అల్లాడుతున్నాయి. ఇంత గాలిలో ఏ ఈగా ఎగరదు. కల్లిరోయి లేచింది, గట్టు దాకా వెళ్ళింది, వచ్చింది, గ్లాసు సరిచేసింది, మళ్ళీ లేచింది.

"కూర్చో!" అని అరిచాడు థియోహారిస్. "క్లాసులోనూ ఇంతే. నువ్వు నడుస్తుంటే ఈగ వస్తుందా?"

"నడవకపోతే వస్తుందా మేష్టారూ?"

"రాదు. అయినా కూర్చో."

గరిఫాల్యా ముసలాయన్ని ఎగాదిగా చూసింది. "ఈగల పడకటింట్లోకి తొంగి చూట్టానికి జీతమిచ్చారా నీకు?"

"పింఛను కూడా ఇస్తున్నారమ్మా."

పొద్దు పడమటికి వాలుతోంది. గాలి ఆగలేదు. ఓ పువ్వు అంచు ముడుచుకోవటం మొదలైంది. కల్లిరోయికి ఆఫీసులో ఆ గొంతు, 'ఈగ' అన్నది గుర్తొచ్చింది. ఇంకో గంట ఇలాగే పోతే ఆ పువ్వు చచ్చిపోతుంది, ప్రార్థన గంట మోగుతుంది, తనని నమ్మేవాడు ఇంకెవడూ ఉండడు.

ఎప్పుడు తగ్గిందో తెలీదు. పొదలు ఊగటం మానేశాయి. దూరంగా మేక మెడలో గంట చప్పుడు స్పష్టంగా వినపడటంతో ముగ్గురూ తల తిప్పారు. గాలి పడిపోయింది.

ఈగ ముందు పువ్వు దగ్గరికి రాలేదు. గరిఫాల్యా చేతి మీదికి వచ్చింది. నల్లటి చొక్కా చేతి మీద తిరుగుతూ, వాలుతూ, లేస్తూ. ఆమె చెయ్యి ఎత్తబోయింది.

"కదలొద్దు!" అన్నాడు థియోహారిస్. "పువ్వు అక్కడ రాసుకుంది. వాసన పట్టాడు."

"నా దగ్గరికి మగాడొచ్చి ఎన్నేళ్ళయిందిరా నాయనా," అంది గరిఫాల్యా పెదవులు కదపకుండా.

ఈగ అక్కడి నుంచి లేచింది. గ్లాసు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పై పువ్వు మీద వాలింది. తడబడింది. తిరిగింది. తల కిందికి, తోక పైకి. థియోహారిస్ ఆ వయసులో పొట్ట మీద పడుకుని, ముక్కు రాళ్ళకి ఆనించి చూస్తున్నాడు. కల్లిరోయి ఫోను రెండు చేతులా పట్టుకుని నొక్కుతూనే ఉంది. ఈగ లేచింది, పక్క పువ్వుకి వెళ్ళింది, అక్కడా అదే పని చేసింది. దాని తోక చివర రెండు పసుపు కొమ్ములు.

"తల ఎటో తోక ఎటో తెలియనివాడు. వీడేం మగాడు," అంది గరిఫాల్యా.

"వీడే కావలసినవాడు," అన్నాడు థియోహారిస్. లేవబోయి, లేవలేక, అలాగే పడుకుని ఉన్నాడు. "పసుపు అంచు అని రాసింది నేనే. ఒకే లోయలో చూసి రాశాను. అక్కడివాటికి మాత్రమే ఉందేమో." కల్లిరోయి చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు గానీ లేవలేదు. ఇంకోసారి పువ్వుని చూశాడు.

కొండ దిగుతుండగానే ప్రార్థన గంట మోగింది. గరిఫాల్యా పరిగెత్తినంత పని చేసింది. చర్చి గుమ్మంలో ఫాదర్ టీటోస్ పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు, మొదలుపెట్టలేదు. ఆమె లోపలికెళ్ళి కాడని నిమ్మపూల మధ్య మళ్ళీ గుచ్చి, దుమ్ము ఊది, "పెట్టేశాను," అంది. అప్పుడు ఆయన ప్రార్థన అందుకున్నాడు.

సాయంత్రం పాడె ఊరేగింపులో మైనపు వత్తులు పట్టుకుని నడుస్తూ, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ, పాడె ఊరు చుట్టి వచ్చేలోపు సంగతి అందరికీ తెలిసిపోయింది. జహరియాస్ పెళ్ళాం పక్కనే నడిచాడు. ఆమె వత్తి ఆరిపోతే తన వత్తితో వెలిగించాడు.

పండగయ్యాక థియోహారిస్ తన పేరుతో రాసి, ఫోటోలు జతచేసి పంపాడు. క్వారీ అనుమతి ఆగింది. రద్దవలేదు, ఆగింది. వచ్చే వసంతంలో అధికారులు స్వయంగా వచ్చి మొక్కని చూస్తారట, అప్పుడు తేలుస్తారట. క్వారీలో ఉద్యోగాలకి పేరు రాయించుకున్న రెండు ఇళ్ళవాళ్ళు జహరియాస్ హోటల్‌కి రావటం మానేశారు. కల్లిరోయి ఆ ఏడాదంతా ఎలా గడిపిందో జహరియాస్‌ని అడగాలి. చలికాలం వానల్లో గొడుగేసుకుని కొండెక్కి, ఆకులొచ్చాయా అని చూసొచ్చేది.

రాలేదు. వసంతంలో ఆ రాళ్ళ మధ్య గడ్డి తప్ప ఏమీ లేదు. కింద దుంప బతికే ఉందో, అలిసి పడుకుందో తెలియదు. అధికారులు వచ్చే వారం వస్తారు. కల్లిరోయి వాలు మీద పైకీ కిందికీ, తెల్లారినప్పటి నుంచి తిరుగుతోంది. ఎండెక్కాక ఒక ఈగ కనిపించింది. ముదురు రంగు, గుండ్రటిది, నేలబారుగా వెతుకుతోంది. ఆమె దాని వెనక పడింది. దాన్ని పోగొట్టుకుంది, ఇంకొకటి వచ్చింది. పొదలు కాళ్ళకి గీసుకుంటున్నా చూడకుండా, గట్టు దాటి, వాగు కోత దాటి, ఎప్పుడూ మేకలు కూడా దిగని ముళ్ళపొదల గొయ్యిలోకి దిగింది.

అక్కడ దొరసాని ఒకటి కాదు. ముళ్ళ కిందంతా ఉన్నాయి. వాటి మీద ఈగలు తలకిందులుగా వాలి ఉన్నాయి.

కల్లిరోయి ఫోను తీయలేదు. గొయ్యి అంచు మీదికి పాకి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేసింది.

"పెద్దమ్మా! ఓ గరిఫాల్యా పెద్దమ్మా!"

పై గట్టు మీద మేకల మధ్య నల్ల ఆకారం ఇటు తిరిగింది. "ఏంటే? పాము కరిచిందా?"

"ఇక్కడున్నాయి! గొయ్యిలో! ముందు నీకే చెబుతున్నాను, ఇంకా ఎవరికీ చెప్పలేదు!"

"అరిచి చెబుతున్నావుగా, ఊరంతా విన్నది," అంది గరిఫాల్యా. అని, కర్ర పట్టుకుని, మేకల్ని అవతలి వైపుకి తోలటం మొదలుపెట్టింది.